కడుపులో కాపురాలు

నా ఉద్యోగం ఏమిటని పెళ్ళి భోజనాల్లో ఎవరైనా అడిగితే "చదువుతాను" అంటాను. ఏం చదువుతావమ్మా అని మళ్ళీ అడిగితే, ఆవిడ నోట్లో ముద్ద లేదని చూసుకుని, "మనుషులు పొద్దున్నే వదిలించుకునేది" అంటాను. ఆ పైన నన్ను ఎవరూ ఏమీ అడగరు. ప్రశాంతంగా తిని లేస్తాను.

అందులో అబద్ధమేమీ లేదు. పెద్దాసుపత్రి వెనక బిల్డింగులో పై అంతస్తు మా ల్యాబ్. మూత బిగించిన చిన్న సీసాల్లో మాకు మలం వస్తుంది. దాన్ని కలిపి, వడగట్టి, అందులోని సూక్ష్మజీవుల గోడలు పగలగొట్టి, లోపలి డీఎన్‌ఏ బయటికి తీసి మెషీన్‌కి ఇస్తాం. మెషీన్ దాన్ని అక్షరాలుగా చదువుతుంది. ఉన్నవి నాలుగే అక్షరాలు, అవే అటూ ఇటూ మారుతూ ఒక్కొక్క బ్యాక్టీరియాకి లక్షల్లో ఉంటాయి. ఒక్క జీవి అక్షరాలు మొదటి నుంచి చివరి దాకా చదవడమే ఒక ఎత్తు. వందల రకాలు కలిసిమెలిసి ఉన్న గుంపునంతా ఒకేసారి చదవడం ఇంకో ఎత్తు. వీధిలో ఇళ్ళన్నిటి ఫోటో ఆల్బమ్‌లూ చింపి ఒకే సంచిలో పోసి, ఏ ముక్కు ఏ మొహానిదో, ఏ మొహం ఏ ఇంటిదో తేల్చమంటే ఎలా ఉంటుంది? అదీ మా పని. తేలుస్తాం కూడా. ఇన్నేళ్ళయినా అది తేలిన ప్రతిసారీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ల్యాబ్‌లో నాకు కోపిష్టిదని పేరు. ఊరికే వచ్చిన పేరు కాదు. సీసా మీద చీటీ వంకరగా అంటించినా నాకు ఒళ్ళు మండిపోతుంది. అలాంటిదాన్ని, స్క్రీన్ మీద ఒక మనిషి కడుపు విచ్చుకుంటుంటే మాత్రం నోరెళ్ళబెట్టుకుని కూర్చుంటాను. పీచు నమిలేది ఒకటి, అది వదిలింది తిని బతికేది ఇంకొకటి, దాని గాలి పీల్చుకునేది మరొకటి. ఎవరి వంటిల్లు వాళ్ళది, ఎవరి గొడవ వాళ్ళది. ఇంత జనాభాని మోసుకుంటూ ఆ మనిషి బస్సెక్కి, కండక్టరుతో చిల్లర కోసం పోట్లాడి, ఒక్కణ్ణే వచ్చానని చెప్పుకుంటాడు. అబ్బ, తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ప్రతి విడతలోనూ, బయటి నుంచి వచ్చిన శాంపిల్స్‌తో పాటు, లోపల ఏమేం ఉన్నాయో మాకు ముందే తెలిసిన శాంపిల్ ఒకటి పెడతాం. మెషీన్ దాన్ని సరిగ్గా చదివితే మిగతావీ సరిగ్గా చదివినట్టు లెక్క. చాలా ఏళ్ళుగా ఒకే మనిషిది వాడుతున్నాం. ఫ్రీజర్‌లో సన్నటి గొట్టాల్లో వరసగా ఉంటుంది. అది ఎవరిదో ఎక్కడా రాయకూడదని రూలు. అందుకని ల్యాబ్ జనం దానికి 'పెద్దాయన' అని పేరు పెట్టుకున్నారు. "పెద్దాయన్ని బయటికి తీశారా?" "పెద్దాయన ఇవాళ బాగా పలికాడు" అని మాట్లాడుకుంటారు. ఒకసారి పెద్దాయన గొట్టంలోంచి ఒక బొట్టు పక్క సీసాలోకి చింది, ఎవరి పసిపిల్లకో పెద్దాయన సంసారమంతా అంటగట్టి రిపోర్టు పంపించేశాం. పెద్ద గొడవైంది. అప్పటి నుంచి కంప్యూటర్‌లో ఒక జల్లెడ పెట్టారు. ఏ శాంపిల్‌లోనైనా పెద్దాయనవాటితో కలిసేది కనిపించిందా, అది చిందిందేనని దాన్ని తీసి అవతల పారేస్తుంది.

ఇప్పుడు మా చెల్లి సంగతి.

కాలి ఎముకలో చీము పట్టిందని దానికి నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. కాలు బాగైంది. కడుపు మాత్రం ఖాళీ అయిపోయింది. మంచీ చెడూ అన్నీ ఊడ్చుకుపోయిన ఆ ఇంట్లోకి ఒకే ఒక్క దొంగ క్రిమి దూరింది. మందు వేస్తే నక్కుతుంది, మందు ఆపితే లేస్తుంది. పేగులోకి విషం వదులుతుంది. నలుగురిని నవ్వించి గాని నిద్రపోని మనిషి, మంచం మీంచి బాత్రూమ్ దాకా నడవడానికి గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. ఆఖరికి డాక్టరమ్మ చెప్పింది, ఆరోగ్యంగా ఉన్న మనిషి కడుపులోని కాపురాలన్నిటినీ తీసుకొచ్చి ఈ కడుపులో పెట్టడం తప్ప దారి లేదని. మలం మార్పిడి అంటారు. వినడానికి ఛీ అనిపిస్తుంది గానీ, ప్రాణం పోసే పనుల్లో నాకు తెలిసి ఇంతకంటే అద్భుతమైంది లేదు.

చెల్లి అంటున్నానే గానీ, మా ఇద్దరి మధ్య రక్తసంబంధం చుక్క కూడా లేదు. మా అమ్మ పోయిన కొన్నాళ్ళకి నాన్న పిన్నిని చేసుకున్నాడు. పిన్నిదీ రెండో పెళ్ళే. మొదటి భర్త పోతే, చంకలో పసిపిల్లతో మా ఇంట్లో అడుగుపెట్టింది. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచి ఒకటే ఏడుపు. అన్నం తింటున్న నేను విసుగొచ్చి, నా కంచంలోంచి ముద్ద తీసి దాని నోట్లో కుక్కాను. ప్రేమతో కాదు, నోరు మూయించడానికి. టక్కున ఏడుపు ఆపేసి, ఇంకోటి పెట్టమని నోరు తెరిచింది. ఆ తర్వాత నాకు పెళ్ళయ్యే దాకా అది నా కంచం వదల్లేదు.

అందుకని ఇవ్వాల్సింది నేనే అన్నాను. మా మేనత్త ఫోన్ చేసి, "రక్తం కలవనిదానివి, నీది దానికి పడుతుందా?" అంది. "రక్తంతో పని లేదత్తా, నువ్వు నా తలకాయ తినకు" అని పెట్టేశాను. పరీక్షలన్నీ చేశారు. అన్నీ నెగ్గాను. మార్పిడి రోజు చెల్లి మంచం మీద ఒరిగి, ఓపిక లేకపోయినా నన్ను చూసి నవ్వింది.

"చిన్నప్పట్నుంచీ నువ్వు తిన్నదే తిన్నా కదక్కా. ఇప్పుడు ఇది కూడానా?"

"నోరు మూసుకుని పడుకో" అన్నాను. గది బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నాను.

మొదట్లో తేరుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం జ్వరం వచ్చింది. పొట్ట ఉబ్బింది. విషం ఉందా లేదా అని చేసిన పరీక్ష అటూ ఇటూ కాకుండా వచ్చింది. డాక్టరమ్మ నన్నూ పిన్నినీ వరండాలోకి పిలిచింది. మాటలు పొదుపుగా వాడే మనిషి ఆవిడ.

"రెండే దారులు. కొత్తవి లోపల కుదురుకుని ఉంటే, ఈ జ్వరం తాత్కాలికం. ఆగొచ్చు. కుదురుకోకపోతే మాత్రం పేగు చిల్లుపడే లోపు తీసెయ్యాలి. పెద్ద పేగు మొత్తం. రేపు పొద్దున్నకి థియేటర్ సిద్ధం చేయించాను. మీ ల్యాబ్ రిపోర్టు చూసి చెప్తాను."

"ఆపరేషన్‌కి తట్టుకుంటుందా డాక్టరుగారూ?" పిన్ని అడిగింది.

ఆవిడ పిన్ని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, లోపలికి వెళ్ళిపోయింది.

సొంత మనుషుల శాంపిల్స్ ఉన్న విడతని మేము ముట్టుకోకూడదు. అందుకని ఆ పని మా లెక్కలాయనకి పడింది. ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు పోల్చేది ఆయనే. నింపాది మనిషి, మొండి మనిషి. రూలు కాగితం మీద ఉంటే ఇంక బ్రహ్మదేవుడొచ్చినా ఆయన్ని కదిలించలేడు. మార్పిడికి ముందు చెల్లిది ఒకటి, తర్వాతది ఒకటి, నాది ఒకటి, మూడూ ఒకే విడతలో ఆయన చేతికి వెళ్ళాయి. సీసాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి.

నేను పిన్ని పక్కన బెంచీ మీద కూర్చుని ఉండగా, డాక్టరమ్మతో పాటు రోగి తరఫువాళ్ళకీ పంపే రిపోర్టు నా ఫోన్‌కి వచ్చింది. 'దాత సూక్ష్మజీవులు రోగిలో కుదురుకోలేదు. దాత శాంపిల్‌లోనే సూక్ష్మజీవులు అతి స్వల్పం. రోగిలో ఉన్నది దాదాపుగా రోగకారకమే.'

చెల్లి లోపల ఆ దొంగ తప్ప ఇంకెవరూ లేరన్నమాట. పిన్నికి చదవడం రాకపోలేదు గానీ, ఆవిడ ఫోన్ వైపు చూడలేదు, నా మొహం చూసింది. "తీసేస్తారా?" అంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది.

బెంచీ మీద అలాగే కూర్చుని ఆ మూడు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటిది చదివితే ఏడుపొస్తోంది. రెండోది చదివితే, నిజం చెప్పొద్దూ, కోపమొచ్చింది. దాతలోనే అతి స్వల్పమట! అంటే నా కడుపు ఖాళీ అట! మందు బిళ్ళ మింగి ఎన్నేళ్ళయిందో గుర్తు లేనిదాన్ని, పప్పూ ఆకుకూరా దొరికితే పండగ చేసుకునేదాన్ని, నాకు ఏమీ లేవా? ఆ కోపంలోనే లేచాను. చెల్లి చచ్చిపోతుందన్న భయానికి నన్ను నిలబెట్టే శక్తి లేదు, ఆ కోపానికి ఉంది. మెట్లెక్కి ల్యాబ్‌లోకి వెళ్ళాను.

లెక్కలాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మీరు ఇక్కడికి రాకూడదు. రూలు."

"రూలు సంగతి తర్వాత. నా కడుపు ఖాళీ అని రాసిందెవరండీ?"

ఆయన బిత్తరపోయాడు. "దాత మీరా? నాకు తెలీదే. సీసా మీద అంకె తప్ప ఏముంటుంది నాకు?"

"తెలిసింది కదా ఇప్పుడు. చూపించండి."

ఏమనుకున్నాడో, కుర్చీ ఇటు జరిపాడు. స్క్రీన్ మీద నా వరసలో నాలుగంటే నాలుగు గీతలు. ఎవరికీ అలా ఉండదు. ఉంటే ఆ మనిషి నిలబడి పోట్లాడలేడు. పక్కన చెల్లి వరసలో దొంగ ఒక్కడే కోటలా లేచి ఉన్నాడు.

"నేనూ నమ్మలేదండీ, రెండుసార్లు నడిపాను" అన్నాడాయన. "మెషీన్ ఇచ్చిన అక్షరాలు బోలెడు ఉన్నాయి. పెద్దాయనతో కలిసినవన్నీ తీసేశాక మిగిలింది ఇదీ. ఈ విడతంతా బాగా చిందినట్టుంది. పాపం, మీ సీసాలోకి పెద్దాయన మొత్తం ఒలికిపోయాడు."

నేను ఫ్రీజర్ వైపు తిరిగాను.

ల్యాబ్ మొదలుపెట్టిన రోజుల్లో, మా పాత బాసుకి ఇలాంటి శాంపిల్ ఒకటి కావలసి వచ్చింది. అప్పట్లో ఉన్నది మేమిద్దరమే. ఆయనకి షుగరు. మిగిలిందెవరు? ఎవరికీ చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. ఆయన రిటైరై వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పెద్దాయన అని పేరు పెట్టి, పొడుగాటి మీసాలతో బొమ్మ గీసి ఫ్రీజర్ తలుపు మీద అంటించారు. "ఏం కడుపండీ పెద్దాయనది!" అని మెచ్చుకుంటుంటే నేను మూతి బిగించుకుని లోలోపల మురిసిపోయేదాన్ని. వాడుకలో పడి, ఆ గొట్టాల్లో ఉన్నది నేనని నాకే గుర్తు లేకుండా పోయింది.

"ఒలకలేదు" అన్నాను.

"మరి?"

"పెద్దాయన నేనే."

లెక్కలాయన ఫ్రీజర్ తలుపు మీది మీసాల బొమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. ఇంకెప్పుడైనా అయితే ఆ మొహం చూసి నాకు నవ్వాగేది కాదు.

"జల్లెడ తీసెయ్యండి" అన్నాను. "మీరు చిందిందని పారేసింది నన్నే. నన్ను తీసేశాక నాలో ఏం మిగుల్తుంది? దానిలో నేనిచ్చినవి ఏం మిగుల్తాయి?"

ఆయన జల్లెడ తీసి నడిపించాడు. కొంచెంసేపు ఏమీ కదల్లేదు. తర్వాత నా వరస నిండడం మొదలుపెట్టింది. దాని వెంటే చెల్లి వరస కూడా. ఒక గీత, పక్కన ఇంకో గీత, కింద పది, ఆ కింద ఇంకెన్నో. పీచు నమిలేవి, పులిసేవి, పేగు గోడకి మేత పెట్టేవి. ఓరి దేవుడా! సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మేడ మీంచి ఊరు చూస్తున్నట్టుంది. నావి, నాలో ఉన్నవి, నేను ఎన్నడూ చూడనివి, నాకు తెలియకుండా ఇన్నేళ్ళు నన్ను నడిపించినవి, వెళ్ళి దాని లోపల పొయ్యిలు వెలిగించుకున్నాయి. దొంగ ఒక మూలకి సన్నగా కుంచించుకుపోయాడు. చెల్లి ఆ గీతల్లో బతికి ఉంది. నేను ఏడుస్తున్నానని లెక్కలాయన కాగితం రుమాలు ఇచ్చేదాకా నాకు తెలియదు.

ఆయన మాత్రం ఊరుకునే రకమా? "బాగానే ఉంది మేడమ్. కానీ ఒక మాట. ఇవి నిజంగా మీ చెల్లిగారి లోపలివేనా? లేక ఈసారి నిజంగానే చిందాయా? మీరే పెద్దాయన కాబట్టి తేడా ఎలా తెలుస్తుంది? జల్లెడ అందుకే కదా పెట్టింది."

నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది. కానీ అడిగింది సరైన ప్రశ్న. ఇదే ప్రశ్న డాక్టరమ్మా అడుగుతుంది. పైగా ఇంకొకటి కూడా అడుగుతుంది, ఇవి బతికున్నవేనా, చచ్చినవాటి అక్షరాలా అని. చచ్చినవాటి డీఎన్‌ఏ కూడా మెషీన్‌కి ఒకటే.

"పుట్టుకలు చూడండి" అన్నాను.

ఇది మా విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. బ్యాక్టీరియా రెండుగా చీలే ముందు తన అక్షరాలన్నిటికీ ఇంకో ప్రతి రాసుకుంటుంది. రాయడం ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది, ఒకే చోట ముగుస్తుంది. కాబట్టి జోరుగా పిల్లల్ని పెడుతున్న గుంపులో, రాయడం మొదలయ్యే చోటి అక్షరాలు ఎక్కువ కాపీలు దొరుకుతాయి, ముగిసే చోటివి తక్కువ. ఎదగని గుంపులో రెండూ సమానం. గీత గీయిస్తే ఎదగనిది చదునుగా వస్తుంది, ఎదిగేది వాలుగా దిగుతుంది. అక్షరాలు లెక్కపెట్టి, అవి ఈ పూట పిల్లల్ని పెడుతున్నాయో లేదో చెప్పొచ్చు. కంటికి కనిపించని ఇంట్లో ఉయ్యాల ఊగుతోందో లేదో బయట నుంచే చెప్పినట్టు.

లెక్కలాయన మారు మాట్లాడకుండా ఒక్కొక్కటే గీయించాడు. ఎదుగుదల ఆగిపోయాక గడ్డకట్టించింది కనక, ఫ్రీజర్ గొట్టంలోని పెద్దాయన గీతలు చప్పగా ఉన్నాయి. నా తాజా శాంపిల్‌లోవి ఒక మోస్తరుగా వంగాయి. చెల్లి శాంపిల్‌లోవి, అవే జాతులు, అవే అక్షరాలు, కొండ దిగినట్టు ఏటవాలుగా ఉన్నాయి. గొట్టంలోంచి చింది ఉంటే చప్పగానే ఉండాలి. నా సీసాలోంచి చింది ఉంటే నాలాగే వంగాలి. ఖాళీ ఇల్లు దొరికిన సంబరంలో, నాలో ఎన్నడూ లేనంత జోరుగా అవి దానిలో పిల్లల్ని పెడుతున్నాయి. ఆఖరున దొంగది గీయించాడు. బల్లపరుపుగా ఉంది. వాడు ఉన్నాడు గానీ పెరగడం లేదు.

"చిందలేదు" అన్నాడు లెక్కలాయన. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నా. ఇలాంటిది చూళ్ళేదండీ."

కొత్త రిపోర్టు ఆయనే రాశాడు. రూలు ప్రకారం నేను దూరంగా నిలబడ్డాను. డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆవిడ గీతలన్నీ చూసింది, ఆయన్ని ప్రశ్నలు వేసింది. తర్వాత కాగితాలు పక్కన పెట్టి నన్ను అడిగింది.

"నేను ఆగి, ఇది తప్పని తేలిందనుకోండి. మీ చెల్లి దక్కదు. ఆ సంగతి మీకు తెలుసు. ఆగమని మీరు అక్కగా చెప్తున్నారా, ల్యాబ్ మనిషిగా చెప్తున్నారా?"

"ల్యాబ్ మనిషిగానే చెప్తున్నానండీ. అక్కగా అయితే ఈపాటికి మీ కాళ్ళు పట్టుకునేదాన్ని."

ఆవిడ ఫోన్ తీసి, పొద్దున్న థియేటర్ వద్దని చెప్పింది.

ఆ తర్వాత గడిచిన కాలం గురించి చెప్పడం నా వల్ల కాదు. గీతలు చూసినప్పటి ధైర్యం మంచం పక్కకి వచ్చేసరికి నీరుగారిపోయింది. దాని నుదురు కాలిపోతుంటే నాకు స్క్రీన్ గుర్తు రాలేదు. చదువు తప్పై ఉంటే దీన్ని చంపింది నేనేనని అనుకుంటూ కూర్చున్నాను. పిన్ని దుప్పటి సర్దుతూ ఉండేది, సర్దిన దుప్పటే మళ్ళీ సర్దేది. మర్నాడు జ్వరం అలాగే ఉంది. ఆ మర్నాడు కొంచెం తగ్గి, మళ్ళీ పెరగలేదు. పొట్ట మెత్తబడింది. ఒక పొద్దున నేను కుర్చీలో కునుకు తీస్తుంటే చెల్లి నా మోచెయ్యి గిల్లింది.

"అక్కా, ఆకలేస్తోందే."

"ఏంటీ?"

"ఆకలి. కడుపులో ఎవరో కంచాలు మోగిస్తున్నారు."

నేను లేచి వరండాలోకి పరుగెత్తి, నర్సుని కేకేసి, పిన్నిని కేకేసి, ఏం చెప్పాలో తెలియక మళ్ళీ లోపలికి పరుగెత్తాను. పిన్ని జావ తాగిస్తుంటే అది గ్లాసు ఖాళీ చేసి ఇంకొంచెం అడిగింది. పిన్ని హడావిడిలో సగం దాని మెడ మీద పోసింది.

కొన్నాళ్ళకి లెక్కలాయన ఫోన్ చేశాడు. గొంతులో ఏదో తేడా ఉంది.

"మేడమ్, జల్లెడ తీసేసి ఆ విడత మొత్తం మళ్ళీ చూస్తున్నాను. మీ చెల్లిగారి మొదటి శాంపిల్ ఉంది కదా, మార్పిడికి ముందుది. అందులో దొంగ కాక ఇంకొకటి ఉందండీ. కాస్తంతే ఉంది. జల్లెడ దాన్ని కూడా పారేసింది."

"పారేసిందంటే అది నాది అయ్యుండాలి కదా?"

"అదే అంటున్నా. మీ కడుపులోది మీ చెల్లిగారిలో మార్పిడికి ముందే ఉంది."

చిందిందేమో అన్నాను. ఈసారి ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు ఆయనకి నవ్వొచ్చింది. చిందితే అక్షరం పొల్లుపోకుండా నాదానిలాగే ఉండాలట. దీనిలో అక్కడక్కడా తేడాలున్నాయి, మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ముక్కూమొహం తెలియని ఇద్దరిలో ఇదే జాతిని తీసుకుంటే తేడాలు వేలల్లో ఉంటాయి. ఇవి రెండూ ఒకే తల్లి పిల్లలు. ఎప్పుడో ఒకే చోట ఉండి, విడిపోయి, వేరే వేరే కడుపుల్లో పెరిగి, ఎవరి అక్షరాలు వారు కాస్త కాస్త మార్చుకున్నాయి. ఎక్కడ ఉన్నాయో, ఎప్పుడు విడిపోయాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒకే కంచంలో తిన్నాం. నేను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాను. అన్ని యాంటీబయాటిక్స్ వచ్చి ఊరంతా ఊడ్చేసినా, ఆ ఒక్కటీ దాని పేగు మడతల్లో ఎక్కడో అంటిపెట్టుకుని ఉండిపోయింది.



అసలిది ఎవరి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. పిన్ని నుంచే కూతురికి వచ్చి, కూతురి నుంచి నాకు వచ్చి ఉండొచ్చు కదా. పిన్నిని అడిగాను. సీసా చేతిలో పెట్టి విషయం చెప్పేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది. "ఛీ, ఈ వయసులో ఇదేం అడగడమే!" అంది. మర్నాడు సీసాని నాలుగు సంచుల్లో చుట్టి, నగలేవో ఇస్తున్నట్టు అటూ ఇటూ చూసి నా చేతిలో పెట్టింది.

పిన్నిలో అది లేదు. లెక్కలాయన ఎంత లోతుగా వెతికినా లేదు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళేసరికి చెల్లి మంచం మీద కూర్చుని ఎవరితోనో ఫోన్‌లో పకపకా నవ్వుతోంది. రేపో ఎల్లుండో ఇంటికి పంపిస్తారు. పిన్ని కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఆవిడ పక్కన కూర్చుని, అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాను. ఇవి ఎక్కువగా పుట్టుకతో తల్లి నుంచి పిల్లకి వస్తాయని, తర్వాత ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి అంటుతాయని చెప్పాను. అన్నీ ఊడ్చుకుపోయినా ఒకటి మిగిలిందని, అది నాలోనూ ఉందని, నీలో లేదని చెప్పాను.

"అంటే?" అంది పిన్ని.

"అంటే అది నా నుంచే దానికి వచ్చుండాలి. నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే... ఇది రిపోర్టులో రాయలేను పిన్నీ. రుజువు లేదు. అమ్మ శాంపిల్ నా దగ్గర లేదు, నాన్నదీ లేదు. కానీ నేను అనుకోవడం, అది అమ్మది."

పిన్ని మంచం వైపు చూస్తూ ఉండిపోయింది. చెల్లి ఇంకా నవ్వుతూనే ఉంది.

"అక్కయ్యని నేను ఫోటోలో తప్ప చూళ్ళేదే" అంది చివరికి. మా అమ్మని ఆవిడ ఎప్పుడూ అక్కయ్య అనే అంటుంది. "ఆవిడ పిల్లని నేను సాకానని నలుగురూ అంటుంటే, ఔను కదా అనుకునేదాన్ని. ఎప్పుడైనా కాస్త గర్వపడ్డాను కూడా."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నా పిల్లని ఆవిడ సాకుతోందని నాకేం తెలుసు!"

నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.